అద్దంకి శాసనము – ఊరి స్మృతి

సాహిత్య చరిత్రకారులు పండరంగని అద్దంకి శాసనమును తరువోజకొఱకే చదివిరి. క్రీ. శ. 848 నాటిదిగా నెన్నబడు నీ శిల దొరకిన తెలుగు పద్యశాసనములలో ప్రాచీనమగుటచే నది సహజమే. కాని యతిప్రాసల చర్చలో పద్యార్థము మఱుగుపడినది. గుణగ విజయాదిత్యుని సేనాని పండ్రెండు బోయకొట్టములను పట్టుటయు, కట్టెపుదుర్గమును సాధించుటయు, కందుకూరును బెజవాడవలె నొనర్చుటయు నందలి విషయము. ఓడిన బోయల పేరు గెలిచినవాని పద్యముననే మిగులుట విచిత్రము!

తరువాతి కాలమున ప్రోలయవేమారెడ్డికి రాజధానియై, ఎఱ్ఱనకు నెలవైన యూరది. అచట నిలుపు చరిత్రఫలకముపై ‘తొలి తెలుగు పద్యము’ అని వ్రాసిన చాలదు. అది సరియు కాదు. ఇంత కుదురైన దేశిచ్ఛందము ఒక్కనాట పుట్టదు. ‘దొరకినవానిలో తొలిది’ యనుట న్యాయము. దానిక్రింద బోయకొట్టముల ప్రసక్తియు నుండవలెనని మా యభిప్రాయము.