అజూలా: గెలుపులోనే ఓటమిని దాచిన పాత్ర

చీకటి పడేలోగా ఓడను రేవులోకి తేవడానికి ఆటుపోట్లు అనుకూలించవని కెప్టెన్ భయం భయంగా విన్నవించుకుంటాడు. పద్నాలుగేళ్ల రాకుమారి గొంతు పెంచదు. ఈ ఓడను నడిపించేది ఆటుపోట్లా అని మాత్రం అడుగుతుంది. నిన్ను సముద్రంలోకి తోయిస్తే రాళ్లకేసి కొట్టడానికి ఆ అలలు వెనకాడతాయా అంటుంది. నిన్నేం చెయ్యాలో అవి ఎప్పుడో తేల్చుకున్నాయి, నేనింకా ఆలోచిస్తున్నాను, కాబట్టి నువ్వు భయపడాల్సింది నాకే అని ముగిస్తుంది. ఓడ రేవుకు చేరుతుంది.

'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్'లో అజూలా మాట్లాడే తొలి సన్నివేశాల్లో ఇదొకటి. మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయాన్ కోనియెట్జ్‌కో సృష్టించిన ఈ యానిమేషన్ సిరీస్ 2005 నుంచి 2008 దాకా నికలోడియన్ చానెల్‌లో 61 ఎపిసోడ్లుగా వచ్చింది. నూరేళ్లుగా మిగతా రాజ్యాల మీద యుద్ధం చేస్తున్న ఫైర్ నేషన్, ఆ యుద్ధాన్ని ఆపాల్సిన ఆంగ్ అనే పన్నెండేళ్ల పిల్లవాడు ఇందులోని కథ. ఈ సిరీస్ మాటెత్తగానే అందరూ జూకో గురించి చెబుతారు. శత్రువుగా మొదలై మిత్రుడిగా మారిన ఆ రాకుమారుడికి అంత పేరు రావడం న్యాయమే. కానీ రచనలోని పనితనం చూడాలంటే నేను అతని చెల్లెలి వైపే వేలు చూపిస్తాను. జూకో మారతాడు. అజూలా చివరిదాకా మారదు. ఆమె లోపల మొదటినుంచీ ఉన్నదాన్ని రచయితలు పొర తర్వాత పొర విప్పి చూపిస్తారు. మంచిగా మారకుండానే ఒక విలన్ పాత్ర ఎంత ఎదగగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

ఆ ఓడ సన్నివేశమున్న ఎపిసోడ్‌లోనే ఆమె పిడుగును పుట్టించే సాధన చేస్తుంటుంది. పక్కన నిలబడ్డ ఇద్దరు ముసలి గురువులు దాదాపు పరిపూర్ణంగా ఉందని, ఒక్క వెంట్రుక మాత్రం చెదిరిందని అంటారు. దాదాపు అన్నది తనకు చాలదని ఆమె మళ్లీ మొదలుపెడుతుంది. చూసేటప్పుడు అది ఆమె పట్టుదలకు గుర్తుగా అనిపిస్తుంది. ఆ వెంట్రుకను రచయితలు ఎందుకు చూపించారో తెలియడానికి రెండు సీజన్లు పడుతుంది.

మధ్యలో ఆమె గెలుస్తూనే ఉంటుంది. హీరోల సౌకర్యం కోసం విలన్‌ను తెలివితక్కువగా మార్చే పని ఈ రచయితలు ఎక్కడా చెయ్యరు. బా సింగ్ సే నగరాన్ని ఆమె పెదనాన్న ఐరో 600 రోజులు ముట్టడించి కూడా పట్టుకోలేకపోయాడు. అజూలా టై లీ, మే అనే ఇద్దరు స్నేహితురాళ్లతో మారువేషంలో లోపలికి వెళ్లి, ఆ నగరపు రహస్య దళమైన డాయ్ లీని తనవైపు తిప్పుకుని, ఒక్క సైన్యాన్నీ నడపకుండా దాన్ని పడగొడుతుంది. ఎదుటివాడు దేనికి భయపడతాడో, దేనికి ఆశపడతాడో క్షణంలో చదవడం ఆమె అసలు విద్య. ఆమె చేతుల్లోంచి పుట్టే నీలి మంటలు దాని తర్వాతే. ఎదుటివాళ్ల అబద్ధాన్ని నేల అదురుతో పసిగట్టే, ఆంగ్ బృందంలోని టోఫ్ కూడా ఆమె అబద్ధాన్ని పట్టలేకపోతుంది.

ఆ స్నేహితురాళ్లను కూడగట్టిన తీరులోనే అసలు విషయం ఉంది. సర్కస్‌లో హాయిగా ఉన్న టై లీ రానంటే, ఆమె గాల్లో విన్యాసం చేస్తుండగా కింద వలకు నిప్పు పెట్టిస్తుంది. బందీ మార్పిడిలో మే తన పసి తమ్ముణ్ణి వదులుకునేలా ఒక్క మాటతో ఒత్తిడి తెస్తుంది. మనం ఇవన్నీ ఆమె బలం కింద రాసుకుంటాం. రచయితలు మాత్రం అప్పు కింద రాసుకుంటున్నారు.

పాత్రకు లోతు ఇవ్వడానికి బాల్యాన్ని చూపించడం అందరూ చేసేదే. ఇక్కడ దాని మోతాదు చూడండి. 'జూకో అలోన్' ఎపిసోడ్‌లో పెదనాన్న యుద్ధభూమి నుంచి జూకోకు బాకు, ఆమెకు బొమ్మ పంపిస్తాడు. ఆమె ఆ బొమ్మను కాల్చేస్తుంది. ఈ పిల్లకేమైందని తల్లి ఉర్సా ఆందోళన పడుతుంది. రచయితలు దాన్ని ఒక సాకుగా పెంచరు. మూడో సీజన్‌లో 'ద బీచ్' దాకా ఆగుతారు. అక్కడ నిప్పు చుట్టూ కూర్చున్న నలుగురూ తమ గాయాలు చెప్పుకుంటారు. అజూలా వంతు వచ్చినప్పుడు, మా అమ్మ నన్ను రాక్షసి అనుకునేదని తేలిగ్గా అనేస్తుంది. ఆమె అనుకున్నది నిజమేలే, అయినా బాధేసిందని కలుపుతుంది. అజూలాకు మాటలు చెప్పిన గ్రే డెలైల్ గొంతు అక్కడ వణకదు. ఏడుపు లేకపోవడమే ఆ మాటను గుచ్చుకునేలా చేస్తుంది.

ఆ తర్వాత అప్పులన్నీ ఒక్కొక్కటిగా వసూలుకొస్తాయి. 'ద బాయిలింగ్ రాక్' జైలులో మే ఎదురు తిరుగుతుంది. నీ మీదున్న భయం కంటే జూకో మీదున్న ప్రేమ పెద్దదని చెబుతుంది. అజూలా ఆమె మీదికి వెళ్లబోయేలోగా టై లీ మర్మస్థానాల మీద పొడిచి ఆమెను కదలకుండా పడేస్తుంది. భయం పెట్టి కట్టినది ఒక్క నిమిషంలో ఊడిపోతుంది. ఆపైన తండ్రి ఓజాయ్ తనను ఫీనిక్స్ కింగ్‌గా, అంటే లోకమంతటికీ రాజుగా ప్రకటించుకుని, యుద్ధానికి ఆమెను తీసుకెళ్లకుండా, దాంతో విలువ పోయిన ఫైర్ లార్డ్ పదవిని, అంటే ఫైర్ నేషన్ సింహాసనాన్ని ఆమె చేతిలో పెడతాడు. నన్ను జూకోలా చూడకూడదని ఆమె అరుస్తుంది. పాత్రకు అసలు భయం ఏమిటో ఆ ఒక్క అరుపులో ఉంది. పనికిరాడని పారేసిన అన్న స్థానంలో తాను నిలబడటం.

పట్టాభిషేకం రోజు చెర్రీ పండులో గింజ వచ్చిందని దాసిని దేశం దాటిస్తుంది. రావడం ఆలస్యమైందని డాయ్ లీని పంపేస్తుంది. అందరినీ అదుపులో పెట్టడం తప్ప వేరే విద్య నేర్వని మనిషి, అదుపు తప్పినప్పుడు అదే విద్యను ఇంకా గట్టిగా వాడుతుంది. చివరికి ఖాళీ గదిలో అద్దం ముందు జుట్టు కుదరక కత్తెరతో తానే అడ్డదిడ్డంగా కోసుకుంటుంది. అప్పటి ఆ ఒక్క వెంట్రుక లెక్క ఇక్కడ తేలుతుంది. అద్దంలో తల్లి కనబడి, నిన్ను ప్రేమిస్తున్నానని అంటుంది. అది ఆమె మనసే కల్పించిన తల్లి. అంటే ఆ మాట వినాలన్న కోరిక ఇన్నేళ్లూ లోపల బతికే ఉందన్నమాట. అజూలా అద్దాన్ని పగలగొడుతుంది.

హ్వాకిమ్ దోస్ సాంతోస్ దర్శకత్వంలో ఆ తర్వాత వచ్చే అన్నాచెల్లెళ్ల ద్వంద్వయుద్ధంలో సంగీత దర్శకుడు జెరెమీ జకర్‌మన్ యుద్ధ సంగీతాన్ని పక్కన పెట్టి దుఃఖపు తీగలను వాడాడు. నారింజ, నీలి మంటలు ఆకాశాన్ని నింపుతుంటే మనం వినేది ఒక ఇల్లు కూలిపోవడం. జూకో నిలకడగా నిలబడితే, ఒకప్పుడు అంగుళం కూడా వృథా చెయ్యని అజూలా కదలికలు చిందరవందరగా ఉంటాయి. గెలవలేక ఆమె పిడుగును, జూకోతో వచ్చిన, నీటిని ఆడించే కటారా మీదికి వదులుతుంది, జూకో అడ్డుపడతాడు. కటారా ఆమెను నీళ్లలో గడ్డకట్టించి, గొలుసుతో ఇనుప జాలీకి కట్టేస్తుంది. అజూలా నోటి నుంచి నీలి మంటలు కక్కుతూ, అరుస్తూ, ఏడుస్తుంది. హీరోల ముఖాల్లో విజయ సంతోషం లేదు. ఆమె చేసిన ఏ పాపాన్నీ రచయితలు మాఫీ చెయ్యలేదు. ఆ పాపాల మీద కోపం తగ్గకుండానే మనకు జాలి కలిగేలా చేశారు. కష్టమైన పని అదే.

ఈ పతనంలో కొత్తగా తెచ్చి కలిపింది ఒక్కటీ లేదు. పరిపూర్ణత మీద పిచ్చి, భయంతో మనుషుల్ని కట్టడం, తండ్రి మెప్పు: ఏ మూడు ఆమెను గెలిపించాయో ఆ మూడే ఆమెను ముంచాయి. జూకోను తండ్రి వెళ్లగొట్టాడు. దేశదేశాలు తిరిగి, ఆకలి చూసి, పక్కనే ఉన్న ఐరో ఓపిక మీద ఆనుకుని, తండ్రి తప్పని తెలుసుకునే తీరిక అతనికి దొరికింది. అజూలాను ఓజాయ్ నిండుగా మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఉన్నంత కాలం తండ్రిని ప్రశ్నించే అవసరం ఆమెకు రాలేదు, అది పోయిన రోజున నిలబడటానికి మరో నేల లేదు. ఇద్దరు పిల్లల్లో ఎక్కువ దెబ్బ తిన్నది తండ్రి ముద్దు చేసిన బిడ్డేనని ఈ రచయితలు ఒక్క ఉపన్యాసం లేకుండా నిరూపించారు.