ఆఖరిసారి ఎవరి చేతిలో ఉంది?

వెబ్‌సైట్ పడిపోతే ఫోన్ చేసేవాళ్లు ఎంతో కొంత చెప్పగలరు: పేజీ తెరుచుకోవట్లేదనో, తెల్లగా వస్తోందనో. మెయిల్ దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే మాట: "మెయిల్స్ పోవట్లేదండీ." ఎవరికి అని అడిగితే "ఎవరికీ!" అంటారు. కాసేపు మాట్లాడాక తేలేదేమిటంటే ఒకరికి పోలేదు, ఇంకొకరికి స్పామ్‌లో పడింది, మూడో ఆయన అసలు చూసుకోనేలేదు. హోస్టింగ్ సర్వర్లు చూసేవాడిగా నా పని ముందు ఈ మూడింటినీ విడదీయడం.

దానికి పనికొచ్చే సూత్రం పాతదే. మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే ఎస్‌ఎంటీపీ పద్ధతిని 1982లో జాన్ పోస్టెల్ రాసిపెట్టారు. ఇవతలి సర్వర్ మెయిల్ మొత్తం అప్పగించాక అవతలి సర్వర్ 250 అని జవాబిస్తే, రిజిస్టరు ఉత్తరాన్ని సంతకం పెట్టి తీసుకున్నట్టే. చేర్చడమో, చేర్చలేకపోతే పంపినవాళ్లకు చెప్పడమో ఇక దాని బాధ్యత. తర్వాత మెషీన్ ఆగిపోయిందన్న సాకుతో కూడా ఆ మెయిల్‌ని పోగొట్టకూడదని 1989 నాటి ప్రమాణాల పత్రం మరీమరీ చెప్పింది. అందుకే నేను మొదట వెతికేది ఒక్కటే: ఈ మెయిల్ ఆఖరిసారి ఎవరి చేతిలో ఉంది?

తిరిగొచ్చిన మెయిల్ అయితే సగం పని అయిపోయినట్టే. అందులోని జవాబు అంకె 4తో మొదలైతే కాసేపాగి రమ్మని అర్థం. కొత్త సర్వర్‌ని కొందరు కావాలనే మొదటిసారి 451తో వెనక్కి పంపుతారు. మన సర్వర్ క్యూలో పెట్టుకుని మళ్లీ తలుపు తడుతుంది. మామూలుగా నాలుగైదు రోజులు ప్రయత్నించి గానీ చేతులెత్తేయదు. 5తో మొదలైతే ఎన్నిసార్లు పంపినా అదే జవాబు. 550 అయితే చాలాసార్లు ఆ పేరుతో పెట్టె లేదని. చిక్కల్లా ఒకటే: క్లయింట్లు పంపే స్క్రీన్‌షాట్‌లో "క్షమించండి" అన్న పైభాగం ఉంటుంది, అంకె ఉన్న కింది వరస తెగిపోయి ఉంటుంది.

అసలు కష్టం ఏమీ తిరిగిరాని మెయిల్‌తోనే. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు మెయిల్‌ని వేరే కంపెనీకి మార్చుకున్నారు, వెబ్‌సైట్ మాత్రం మా సర్వర్‌లోనే ఉంది. బయటివాళ్లు పంపినవన్నీ అందుతున్నాయి. సైట్‌లో అడ్మిషన్ ఫారం నింపితే వెళ్లాల్సిన మెయిల్ మాత్రం ఆఫీసుకి రావట్లేదు. వాళ్ల డెవలపర్ ఫారం మార్చాడు, ప్లగిన్ మార్చాడు. నేను ఎగ్జిమ్ లాగ్ తెరిచాను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజల్ 1995లో రాయడం మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామే సీప్యానెల్ అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్ వాడే మాలాంటి సర్వర్లలో మెయిల్ మోస్తుంది. దాని లాగ్‌లో ఎడమ బాణం ఉంటే మెయిల్ వచ్చింది, కుడి బాణం ఉంటే చేరింది, రెండు సమాన గుర్తులుంటే వాయిదా పడింది, రెండు నక్షత్ర గుర్తులుంటే చేరలేక తిరిగొచ్చింది. ఇక్కడ అన్నిటికీ కుడి బాణాలే!

చేరింది ఎక్కడికి? అదే సర్వర్‌లోని పాత పెట్టెలోకి. మెయిల్ మారినా, ఆ డొమైన్ ఉత్తరాలు తనవేనని సర్వర్ ఇంకా అనుకుంటోంది. తనవే అనుకున్నప్పుడు డొమైన్ మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు చూడాల్సిన పనేముంది? సీప్యానెల్ ఈమెయిల్ రూటింగ్ సెట్టింగ్‌లో లోకల్ అని ఉన్నదాన్ని రిమోట్‌గా మార్చితే సరిపోయింది. దరఖాస్తులన్నీ పాత పెట్టెలో భద్రంగానే ఉన్నాయి, తెరిచేవాళ్లే లేరు. మారిన రోజే ఆ పెట్టెల్ని తీసేసి ఉంటే, మొదటి ఫారంకే తిరస్కరణ వచ్చి సంగతి బయటపడేది.

పెద్ద మెయిల్ సంస్థల తీరూ ఇప్పుడు కఠినమైంది. పెద్ద ఎత్తున (జీమెయిల్ లెక్కలో రోజుకు 5,000కు పైగా) పంపేవాళ్లకు, మెయిల్ నిజంగా వాళ్లదేనని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలని జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబట్టాయి. షేర్డ్ సర్వర్‌లో పక్కవాడి వర్డ్‌ప్రెస్‌ని ఎవరో హ్యాక్ చేసి స్పామ్ పంపితే, అదే ఐపీ వాడే మనమూ బ్లాక్‌లిస్ట్‌లో పడతాం. ఈ నిబంధనలు, బ్లాక్‌లిస్టులు విసుగు పుట్టిస్తాయి గానీ, తిరస్కరించే సర్వర్లు ఎక్కువగా కారణం రాసే పంపుతాయి. 250 అని తీసుకుని స్పామ్ ఫోల్డర్‌లో పడేసినప్పుడు మాత్రం మన లాగ్‌కి అంతా శుభమే.

అందుకే నా చేతిలో ఉన్నంతవరకు మౌనానికి చోటివ్వను. లేని పేరుకి వచ్చిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డిఫాల్ట్ అడ్రస్ సెట్టింగ్‌లో చప్పుడు లేకుండా పారేసే వీలు కూడా ఉంది. స్పామర్లకు జవాబెందుకని కొందరు దాన్నే ఎంచుకుంటారు. నేను తిరస్కరించమనే పెడతాను. అడ్మిషన్ ఆఫీసు చిరునామాలో ఒక్క అక్షరం తప్పు కొట్టిన తండ్రికి ఆ సంగతి వెంటనే తెలియాలి, గడువు తేదీ దాటాక కాదు.