దారి చెప్పే రాత

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఆయనది ఇంటర్‌ప్రిటర్ ఉద్యోగం. వెంట సుమారు వందమంది పరివారం, పల్లకీలు, బోయీలు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ చేరారు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని కోస్తా వెంబడి దిగి, 1831 సెప్టెంబరు 3న మళ్లీ మద్రాసులో అడుగుపెట్టారు. దారి పొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లైకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. 1836లో వీరాస్వామయ్య పోయారు. రెండేళ్లకు పిళ్లై ఆ ఉత్తరాలన్నీ కూర్చి ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో అచ్చు వేయించారు.

తెలుగులో యాత్రా రచనకు ఇదే తొలి పుస్తకమని పేరు. ఈ రోజు ఫోను పట్టుకుని ఊళ్లు తిరిగే ట్రావెల్ బ్లాగర్లు ముందుగా చదవాల్సింది కూడా దీన్నే. పాతదన్న గౌరవంతో కాదు, పని నేర్చుకోవడానికి.

వీరాస్వామయ్య ఏ మజిలీలో దిగినా కొన్ని సంగతులు తప్పకుండా రాస్తారు. కిందటి ఊరి నుంచి ఎంత దూరం, దారి రాళ్లదా ఇసుకదా, అంగళ్లున్నాయా, నీళ్లు మంచివా, తల దాచుకునే చోటు దొరుకుతుందా. శ్రీశైలం వెళ్లే యాత్రికుల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు వసూలు చేసే సుంకాల గురించీ రాశారు. గుడి వైభవం వర్ణించే ముందు అక్కడికి చేరడానికయ్యే ఖర్చు చెప్పడం చిన్న విషయమేమీ కాదు. రేపు అదే దారిన రాబోయే మనిషి ఆయన కళ్లముందు ఉన్నాడు. ఆ ఉత్తరాలకు బలం అక్కడి నుంచే వచ్చింది.

ఇప్పటి యాత్రా రచనల్లో చాలావాటికి ఈ మనిషే కరువయ్యాడు. ‘కనువిందు చేసే ప్రకృతి’, ‘స్వర్గం దిగివచ్చినట్టు’ లాంటి మాటలు ఏ ఊరికి తగిలించినా అతుకుతాయి. అందుకే ఏ ఊరి గురించీ ఏమీ చెప్పవు. హైదరాబాదు నుంచి కారులో శ్రీశైలం వెళ్లాలనుకునే కుటుంబం సంగతే తీసుకుందాం. నల్లమలలో పులుల అభయారణ్యం గుండా సాగే ఆ దారిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లను వదలరు. మన్ననూరు దగ్గర అటవీశాఖ గేటు పడిపోతుంది. ఆఫీసు అయ్యాక సాయంత్రం ఆరింటికి నగరంలో బయల్దేరితే, ట్రాఫిక్ దాటి గేటు వేళకు చేరడం కష్టం. పిల్లలతో, పెద్దవాళ్లతో రోడ్డు పక్కన తెల్లవారే దాకా కూర్చోవాలి. ఈ ఒక్క ముక్క మొదటి పేరాలో చెప్పిన రచయిత మాట పాఠకుడు మళ్లీ వెతుక్కుంటాడు. మార్కెటింగ్ అనేది అక్కడే మొదలవుతుంది.

ఇలాంటి వివరాలు ఇంటికొచ్చాక గుర్తు తెచ్చుకుంటే రావు. ఏ రోజుది ఆ రోజు పడుకునే ముందు రాసుకోవాల్సిందే. రాసే ఓపిక లేకపోతే ఫోన్లో మాట రికార్డు చేసుకున్నా చాలు. బస్టాండులో టైముల బోర్డు, గుడి దగ్గర టికెట్ల ధరల బోర్డు, సత్రం గోడ మీది నియమాలు ఫొటో తీసుకుంటే సగం నోట్సు అయిపోయినట్టే. ఆఖరి బస్సు ఎన్నింటికని కండక్టరునూ అడగాలి, టీకొట్టు ఆయననూ అడగాలి. ఇద్దరి మాటా కలిస్తేనే రాయాలి. ఫొటోల విషయంలో ఉదయం, సాయంత్రం వెలుగు నమ్ముకోవడం, మనుషులను తీసేముందు అడగడం, ఈ రెండూ పాటిస్తే మామూలు ఫోనే సరిపోతుంది.

ఇక పదిమందికి చేరడం. దీనికి గొప్ప కిటుకులు అక్కర్లేదు, జనం దేని కోసం వెతుకుతున్నారో తెలియాలి. కాశీకి వెళ్లే తెలుగువాళ్లలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్న ఆనవాయితీ ఉంది. అన్ని రోజులు ఎక్కడ ఉండాలి, ఆంధ్రాశ్రమంలో గది కోసం ఏం చేయాలి, తెలుగు తెలిసిన పురోహితులు ఏ ఘాట్ దగ్గర దొరుకుతారు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఏ ఘాట్‌లో మెట్లు దిగగలదు. ఇవి దేశమంతటికీ రాసే ఇంగ్లిషు గైడుల్లో కనబడవు. తెలుగు రచయితకు పోటీ లేని చోటు ఇదే. అమెరికాలో పిల్లల దగ్గరికి మొదటిసారి విమానమెక్కే తల్లిదండ్రుల కోసం రాయడమూ అలాంటిదే. వీల్‌చైర్ ఎప్పుడు అడగాలి, దుబాయిలోనో దోహాలోనో విమానం మారేటప్పుడు బోర్డులు ఎలా చూసుకోవాలి, తినే వస్తువులను కస్టమ్స్ దగ్గర దాచకుండా ఎలా చెప్పాలి అన్నవి తెలిస్తే వాళ్ల భయం సగం తగ్గుతుంది.

శీర్షికలో ఊరి పేరు, పాఠకుడి ప్రశ్న రెండూ ఉండాలి. ‘మేఘాల ఒడిలో ఒక రోజు’ కంటే ‘విశాఖ నుంచి అరకు: రైలా, బస్సా?’ ఎక్కువమందికి దొరుకుతుంది. చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసి వెతుకుతారు కాబట్టి, వెబ్ చిరునామాలో ఊరి పేరు ఆ అక్షరాల్లోనూ ఉంచడం మంచిది. వేళ కూడా ముఖ్యం. గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. రాజమండ్రి ఘాట్ల గురించి, బస గురించి రాయదలచినవాళ్లు రైలు టికెట్లు అమ్ముడవక ముందే రాయాలి. పుష్కరాల మొదటి రోజున రాస్తే చదివే తీరిక ఎవరికీ ఉండదు.

పాఠకులు పెరిగితే హోటళ్లు, టూర్ కంపెనీలు పిలుస్తాయి. ఉచిత గది, డబ్బు ఇస్తామంటాయి. తీసుకోవడంలో తప్పు లేదు, దాచడమే తప్పు. డబ్బుకు గానీ, ఉచిత బసకు గానీ చేసిన ప్రచారాన్ని ప్రచారమని స్పష్టంగా చెప్పాలని అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనే నియమం పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి పది లక్షల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచితే, దుప్పట్లు మురికిగా ఉన్నాయని రాయలేని చోట బస ఒప్పుకోకపోవడమే మేలు. ఒకసారి మోసపోయిన పాఠకుడు ఆ పేరు చూసి మళ్లీ ఆగడు.

చెప్పకూడని సంగతులూ ఉంటాయి. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద తెల్లవారుజామున మేఘాలు సముద్రంలా పరచుకునే ఫొటోలు చూసి జనం పోటెత్తారు. వెనకాలే ప్లాస్టిక్ సీసాలు, పొట్లాల చెత్తా వచ్చి పడ్డాయి. అక్కడ బతికేవాళ్లు గిరిజనులు. నీటి ఊటలు, పొలాలు వాళ్లవి. అంతగా తెలియని జలపాతం కనబడితే, ఊరివాళ్లను అడగకుండా మ్యాపులో దాని గుర్తు పెట్టేయడం వాళ్ల పెరట్లోకి పదిమందిని తోలడమే. పార్కింగు, మరుగుదొడ్డి, చెత్తబుట్ట లేనిచోటు గురించి రాస్తే, అవి లేవన్న మాట కూడా రాయాలి.

రాసింది పాతబడుతుంది. ‘కాశీయాత్ర చరిత్ర’ను 1941లో దిగవల్లి వేంకటశివరావు మళ్లీ వెలువరించినప్పుడు, మారిపోయిన కాలానికి అర్థమయ్యేలా వివరణలు జోడించారు. ట్రావెల్ బ్లాగర్‌కు అంతకాలం గడువు ఉండదు. టికెట్ ధర ఏడాదిలోనే మారవచ్చు, బస్సు రూటు ఎత్తేయవచ్చు, వంతెన వర్షానికి కొట్టుకుపోవచ్చు. అందుకే ప్రతి రచన పైన ఎప్పుడు వెళ్లి చూసింది నెలతో సహా వేయాలి, సీజను మొదలయ్యే ముందు ఫోన్ చేసి ధరలు, వేళలు సరిచూడాలి, మారినవి దిద్దిన తేదీ కూడా రాయాలి.