'మేము' అంటున్నది ఎవరు?

మత్తు మానుకుంటున్న వాళ్లు ఒకరికొకరు ఆసరాగా కూర్చునే బృందాలకి మూలగ్రంథం 1939లో అమెరికాలో వచ్చిన 'ఆల్కహాలిక్స్ అనానిమస్'. మాదకద్రవ్యాలు మానేవాళ్ల కోసం 1953లో పుట్టిన నార్కోటిక్స్ అనానిమస్‌దీ అదే దారి. ఆ పుస్తకంలో భార్యలకని ఒక అధ్యాయం ఉంది. తాగుబోతుల భార్యలు 'మేము' అంటూ తోటి ఆడవాళ్లతో మాట్లాడుతున్నట్టు సాగుతుంది. రాసింది మాత్రం బిల్ విల్సన్. రాయాలనుకున్న భార్య లోయిస్‌కి అవకాశం దక్కలేదు. ఓర్చుకో, దెప్పకు అన్న మగవాడి సలహాకి ఆడగొంతు అరువు తెచ్చుకున్నాడు.

మా సుల్తానాబాద్‌లో కూర్చుని చదివితే ఇంకో లోటు కనిపిస్తుంది. ఈ అధ్యాయంలో స్త్రీ అంటే తాగేవాడి భార్యే. మా వైపు నాట్లేసి వచ్చిన ఆడవాళ్లూ కల్లు తాగుతారు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో అల్ప్రాజోలం, డైజిపాం కలిపిన కల్తీ కల్లుని కట్టడి చేసినప్పుడు, వణుకుతో, ఫిట్స్‌తో ఆస్పత్రులకొచ్చిన వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు.

1992 దూబగుంట మనకి సారాని తరిమిన స్త్రీని చూపించింది. ఆ వెలుగులో, మత్తుకి చిక్కిన స్త్రీ మన రాతల్లో కనపడకుండా పోయింది. బృందంలో మొదటి మాట 'నేను'. అతను అంటే ధైర్యం, ఆమె అంటే పరువు తక్కువ. ఆమె ఆ మాట అనగలిగే చోటు ముందు కావాలి. అది లేకుండా ఆమె తరఫున 'మేము' అని మనం రాస్తే, విల్సన్ చేసిన పనే మనమూ చేసినట్టు.