పళ్ళు చూసి పెట్టే పోటీ

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం మా నెల్లూరు జిల్లా ఆత్మకూరు బస్టాండు చుట్టూ ఫ్లెక్సీలు మొలుస్తాయి. వాటి మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్త కాదు. ఎక్కువ మార్కులొచ్చిన పిల్లకు పెద్ద మొహం, తక్కువొచ్చిన పిల్లకు చిన్న మొహం. ర్యాంకులు చూపించి ప్రకటనలు వేసుకోకూడదని రాష్ట్ర ప్రభుత్వం 2022లోనే ఉత్తర్వు ఇచ్చింది. మొహాలు మాత్రం తగ్గలేదు.

ఈసారి నన్ను కష్టపెట్టింది ఫ్లెక్సీ కాదు, దాని కింద విన్న మాట. ఉదయగిరి బస్సు కోసం నిలబడిన ఒక తల్లి కూతురి భుజం పట్టుకుని పైకి చూపించింది. "చూడు, వాళ్ళూ అన్నమే తింటుండారు, నువ్వూ అన్నమే తింటుండావు." ఆ పిల్ల తలెత్తలేదు. 600కి 500 దాటాయని తర్వాత మాటల్లో తెలిసింది. వాళ్ళింట్లో పది గట్టెక్కిన మొదటి మనిషి ఆమే. పొద్దున ఫలితం చూసుకుని వీధంతా చెప్పుకొచ్చిందట. మధ్యాహ్నానికి ఆ సంబరం లేదు. మార్కులేమీ తగ్గలేదు, పక్కన ఇంకో అంకె వచ్చి నిలబడింది, అంతే.

మా మెట్ట ఊళ్ళలో ఇది కొత్త జబ్బు కాదు. బెంగళూరులో పనిచేసే కొడుకు డబ్బు పంపి మేడ లేపితే, ఎదురింటి పెంకుటిల్లు ఆ రోజు నుంచే ఇరుకవుతుంది. నిన్నటిదాకా ఆ వసారాలోనే నలుగురూ హాయిగా పడుకున్నారు. అందుకే పక్కవాడి వైపు చూడొద్దు, నీ పని నువ్వు చేసుకో అని ఇన్నాళ్ళూ రాస్తూ వచ్చాను. ఈ వారమూ అదే రాద్దామని కూర్చున్నాను. కానీ కలం పట్టుకోగానే బండలాగుడు గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు తిరునాళ్ళంటే మాకు దేవుడి తర్వాత బండే. అసలు మాటకొస్తే దేవుడి కంటే ముందు బండే. పక్కింటి మామకు ఒక ఒంగోలు గిత్తల జత ఉండేది. పండగ ఇంకా దూరంగా ఉండగానే ఆ ఇంట్లో ఉలవల వాసన మొదలయ్యేది. మనుషులు తినే కూరలో నూనె తగ్గినా గిత్తల దాణా తగ్గేది కాదు. అత్త దానికి ఎంత గొడవ పడేదో, పోటీ రోజు వాటి నుదుట పసుపూ కుంకుమా పెట్టేటప్పుడు అంత మురిసిపోయేది.

బండలాగుడు చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అందులో రెండు జతలు పక్కపక్కన పరుగెత్తవు. చీటీ తీసి వరస పెడతారు. ఒక్కో జత ఒంటరిగా వచ్చి, కాడి మెడకెత్తుకుని, అదే బండను, అదే నేల మీద, ఇచ్చిన నిమిషాల్లో లాగుతుంది. ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్ళీ వెనక్కి. ఈల పడగానే టేపు పెట్టి అడుగులు కొలుస్తారు. గిత్త కళ్ళముందు ఉండేది బండ బరువే. ఎవరు గెలుస్తున్నారో దానికి తెలియదు.

ఇంకో సంగతి దీనికంటే నాకు ముఖ్యం. గిత్తల్ని బరిలోకి దించేముందు పెదవి ఎత్తి పళ్ళు చూస్తారు. పాలపళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి ఒకటి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆ పైన పెద్దవి. దూడకు పాలపళ్ళు ఊడి మొదటి జత గట్టి పళ్ళు రావడానికి రెండేళ్ళు దాటుతుంది. ఎనిమిదీ నిండేసరికి అది నాలుగైదేళ్ళ పశువు. విభాగాన్ని బట్టి బండ కూడా మారుతుంది. రెండు పళ్ళ గిత్త చేత పెద్ద గిత్తల బండ లాగిస్తే జనమే ఒప్పుకోరు. అక్షరం రాని రైతు కూడా అది అన్యాయమని లేచి అరుస్తాడు. చర్నాకోల ఝళిపించేవాళ్ళ మీద నాకున్న కోపం నాదే, దాన్ని ఇక్కడ దాచను. కానీ ఎవరిని ఎవరితో పోల్చాలన్న ఈ లెక్కలో మాత్రం మన పల్లె పెద్దలకు దండం పెట్టాలి.

ఒక ఏడు మామ గిత్తలు ఓడాయి. గెలిచిన జత ఏదో దూరపు ఊరిది. మామ మొహం చిన్నబుచ్చుకుంటాడని నేను భయపడ్డాను. ఆయన కండువా తలకు చుట్టుకుని నేరుగా ఆ గిత్తల దగ్గరకు పోయాడు. మూపురం తడిమాడు, కాళ్ళు తడిమాడు, గిట్టలు చూశాడు. "ఏం అబ్బయా, ఉలవలు ఉడకేస్తుండావా, నానేస్తుండావా?" అని అడిగాడు. వాళ్ళిద్దరూ చీకటి పడేదాకా దాణా గురించి, నడిపించే వేళల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇంటికొచ్చాక నెలరోజులు ఆయన చెప్పుకున్నది తన గిత్తల సంగతి కాదు, వాటిని ఓడించిన గిత్తల సంగతి. అంత ఆనందంగా ఆయన్ని నేను గెలిచిన ఏడు కూడా చూడలేదు.

గిత్తల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఈ జాతి బ్రెజిల్ చేరి అక్కడ నెలోరె అనే పేరుతో దేశమంతా నిండింది. అది మన నెల్లూరు పేరే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు కూడా మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 2023లో అక్కడ వయాటినా-19 అనే నెలోరె ఆవుకు వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. ఆ వార్త ఫోన్లలో తిరిగినప్పుడు మా ఊరి అరుగు మీద ఒకాయన "మరి మన గిత్తకెంత కట్టాల?" అన్నాడు. అక్కడ ఆ జాతిని పెంచేది ప్రధానంగా మాంసానికి. ఇక్కడ దాని మెడ మీద సేద్యం నడిచింది. ఆ ధర పక్కన నిలబెట్టి మన పశువును చిన్నచూపు చూస్తే, మనకు పశువూ తెలియదు, ధరా తెలియదు.

ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉంటుంది. పోటీ తప్పు కాదు, పళ్ళు చూడకుండా పెట్టే పోటీ తప్పు. ఉదయగిరి పక్క పల్లె బడి పిల్లను, నెల్లూరు హాస్టల్లో తెల్లవారుజాము నుంచి రుద్దించుకునే పిల్లతో ఒకే ఫ్లెక్సీ కింద నిలబెట్టొద్దు. ఈ ముక్క రాసేసి సంతకం పెట్టొచ్చు. కానీ నా మనసు ఒప్పుకోవడం లేదు.

ఎందుకంటే గిత్తకు పళ్ళు వస్తాయి. ఈ ఏడు రెండు పళ్ళ విభాగంలో లాగింది కొన్నాళ్ళకు నాలుగు పళ్ళకు, ఆరు పళ్ళకు పోతుంది. మా మెట్టను మాత్రం తరాలుగా పాలపళ్ళ వరసలోనే కట్టేశారు. "మీది మెట్ట, మీకిది చాలు" అనే మాట ఎంత దయగా చెప్పినా అది గుంజకు కట్టే తాడే. పెన్న మీద నెల్లూరు, సంగం ఆనకట్టలు 19వ శతాబ్దంలోనే లేచాయి, డెల్టా పచ్చబడింది. తర్వాత సోమశిల కట్టారు. అది ఉన్నది ఆత్మకూరు పక్కన, అనంతసాగరం మండలంలో. నిండితే 78 టీఎంసీలు. ఆ నీళ్ళు డెల్టాకు పోతాయి, కండలేరుకు పోతాయి, అక్కడి నుంచి మద్రాసు దాహమూ తీరుస్తాయి. తీరాలి, ఎవరి దాహమూ తక్కువ కాదు. కానీ డ్యాము మా గడప ముందుండగా ఉదయగిరి వైపు రైతు ఇంకా మబ్బుకూ బోరుకూ మొక్కుకుంటున్నాడు.

ఆ రైతు దగ్గరకు పోయి "డెల్టాలో కోవూరు వాళ్ళతో పోల్చుకోకు, ఉన్నదాంతో సుఖపడు" అని నేనెట్లా చెప్పను? పోల్చుకున్నాడు కాబట్టే అడిగాడు. అడిగాడు కాబట్టే ఆత్మకూరు, ఉదయగిరి మెట్టలకు సోమశిల హైలెవల్ కాలువ మంజూరైంది. తృప్తి గురించి మేం వినే ఉపన్యాసాలు ఎక్కువగా కాలువ కింద పొలమున్న నోళ్ళ నుంచే వస్తాయి. కాలువ లేనివాడికి తృప్తి నేర్పడం నా చేత కాదు.

బస్టాండులో ఆ తల్లి అన్న మాటలో కూడా సగం నిజం ఉంది. వాళ్ళూ అన్నమే తింటున్నారు, ఈ పిల్లా అన్నమే తింటోంది. తేడా అన్నంలో లేదు కనుక ఎక్కడుందో వెతకాలి. ఈ పిల్ల బడిలో లెక్కల టీచరు ఏ నెలలో వచ్చారు, ప్రయోగశాల తలుపు ఎన్నిసార్లు తీశారు, ఊరి నుంచి బడికి ఎంత దూరం, బస్సు తప్పితే ఏమవుతుంది? మార్కుల పక్కన మార్కులు పెట్టినట్టే వీటి పక్కనా అవతలి పిల్లవి పెట్టి చూపించాలి. అప్పుడు తలొంచుకోవాల్సింది ఆ పిల్ల కాదు.

హైలెవల్ కాలువ పనులు ఏళ్ళ తరబడి సాగుతూనే ఉన్నాయి. అవి పూర్తయి నీళ్ళు ఉదయగిరి పొలాలకు ఎక్కేదాకా, డెల్టా వైపు చూసి లెక్క అడగడం మా మెట్టవాళ్ళు మానకూడదు. నేనూ మానను.