చేతి కొలతకు కొట్టించిన కత్తి

యాంగాన్‌లో బౌద్ధుల ఇళ్ళకు వెళితే చాలాచోట్ల ఓ మూల స్తంభానికి ఎర్రగుడ్డ చుట్టిన కొబ్బరికాయ కనిపిస్తుంది. అది ఒక కమ్మరికి పెట్టిన మొక్కు. ఐరావతి ఒడ్డున టగౌంగ్ అనే పాత పట్నంలో మౌంగ్ టింట్ డె అనే మహాబలుడైన కమ్మరి ఉండేవాడట. ఆ బలానికి జడిసిన రాజు అతని చెల్లెల్ని పెళ్ళాడి, బావమరిదిని నమ్మించి పిలిపించి, సంపెంగ చెట్టుకు కట్టించి కాల్చేశాడు. అన్నను చూసి చెల్లెలూ ఆ మంటల్లోకి దూకింది. ఆ చెట్టు ఏటి వెంట కొట్టుకొచ్చి బగాన్ దగ్గర ఒడ్డుకు చేరితే, దాని మానుతో బొమ్మలు చెక్కి పోపా కొండ మీద నిలిపారు. అప్పటినుంచి ఆ కమ్మరి మహాగిరి, ఇల్లు కాచే నాట్, అంటే దేవత. ఒళ్ళు కాలినవాడికి కొబ్బరినీళ్ళు చలవ చేస్తాయని కాయ కడతారు. మనం దసరాకు ఒకరోజు పనిముట్లకు పసుపుకుంకుమ పెడతాం. వీళ్ళు కమ్మరినే ఇంట్లో పెట్టుకున్నారు.

యాంగాన్ నడిబొడ్డున 1926లో కట్టిన స్కాట్ మార్కెట్, ఇప్పటి బోజో మార్కెట్, ఉన్న పేట పేరు పబెడాన్. అంటే కమ్మరి వీధే. ఇప్పుడక్కడ కొలుముల చప్పుడు లేదు, బంగారం కొట్లూ బట్టల కొట్లూ ఉన్నాయి. మార్కెట్లో వెండిరేకు తొడిగిన ఒరల్లో మెరిసే దాలు అమ్ముతారు. ‘దా’ అంటే బర్మాలో చాకు నుంచి ఖడ్గం దాకా అన్నీ. ఆ మెరిసేవి గోడకు తగిలించుకోవడానికి బాగుంటాయి. వాటితో వెదురు కొడితే నాలుగు దెబ్బలకే వాదర మడతపడుతుంది. పనికి కావలసింది ‘దామ’. పల్లెవాడు కమ్మరి దగ్గర కూర్చుని చెప్పి చేయించుకునేది అదే.

మన వాళ్ళకు యాంగాన్ అంటే రంగమే. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి వచ్చి రంగం రేవులో బస్తాలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు లక్షకు పైనే. 1930 మే 26న రేవులో పని గురించి బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ మధ్య రేగిన గొడవ ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. వెదురు నరికే కత్తులు ఆ రోజుల్లో వీధుల్లోకి వచ్చాయి. ఈ మాట దాటేసి దా గొప్పతనం చెప్పడం తెలుగువాడికి న్యాయం కాదు. తర్వాత 1942లో జపాను బాంబులకు అరకాన్ కొండలూ మణిపురం అడవులూ పడి నడిచినవాళ్ళున్నారు. 1960లలో వ్యాపారాలు జాతీయం చేశాక ఓడల్లో తిరిగొచ్చినవాళ్ళున్నారు. విశాఖలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది. వెళ్ళకుండా అక్కడే నిలిచి, ఊళ్ళలో సేద్యం చేసుకున్న తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. చుట్టూ ఉన్న ఏ రైతు ఇంట్లోనైనా ఉన్నట్టే వాళ్ళ చూరులోనూ దామ ఉంటుంది.

దామ మన మచ్చుకత్తికి దగ్గరి చుట్టం. పొడవు ఓ మూరకు అటూ ఇటూ. వాదర ఒకవైపే. పలక పిడి దగ్గర సన్నగా మొదలై కొసకు పోయేకొద్దీ వెడల్పవుతుంది. కొస మొండిగానో, కొంచెం ఏటవాలుగానో ఉంటుంది. పొడవడానికి కాదు గదా. పిడికీ పలకకూ మధ్య అడ్డుకట్టు లేదు. పిడి గుండ్రంగా ఉండి, వేళ్ళ కింద ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. నరుకుతున్నవాడు మణికట్టు వంచకుండానే వాలు మార్చుకోవచ్చు.

ఈ కత్తి చేసిన పని చిన్నది కాదు. యాంగాన్‌కు ఉత్తరాన బగో యోమా కొండల్లో కరెన్ రైతులు ఎండాకాలానికి ముందే వాలు మీద వెదురు, పొదలు నరికి, ఎండబెట్టి, కాల్చి, తొలకరికి వరి చల్లేవారు. అదే తౌంగ్యా, మన ఏజెన్సీలో చెప్పే పోడు. 1856లో పెగూ అడవుల అధికారిగా వచ్చిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిక్ బ్రాండిస్, ఆ రైతులను తరిమేయడానికి బదులు వాళ్ళ పంటతో పాటే టేకు మొక్కలు నాటించాడు. ఆ పద్ధతి తర్వాత ప్రపంచమంతా పాకింది. పుస్తకాల్లో బ్రాండిస్ పేరు ఉంటుంది. పొలం తెరిచిన కత్తి గురించి ఎవరూ రాయరు.

మరి బజారులో వంద రకాల కత్తులు దొరుకుతుంటే కొట్టించుకోవడం దేనికి? ఫ్యాక్టరీ కత్తి ఒకే మందం ఉన్న రేకులోంచి కోసి తీసింది. పిడి దగ్గర రెండు మిల్లీమీటర్లయితే కొస దగ్గరా రెండే. అమెరికాలో కాలిన్స్ కంపెనీ 1826 నుంచి గొడ్డళ్ళు, ఆ తర్వాత చెరుకు కోతకూ తోటపనికీ రకరకాల కత్తులు చేసి ప్రపంచమంతా పంపింది. గడ్డికీ చెరుకుకూ అవి చాలు. గట్టి కట్టెకు రేకు ఊగిపోతుంది, దెబ్బ చేతికే తిరిగొస్తుంది. కమ్మరి కొట్టిన దామకు వెన్ను పిడి దగ్గర ఆరేడు మిల్లీమీటర్లుండి, కొసకు పోయేసరికి మూడుకు దిగుతుంది. మందం తగ్గిన చోట వెడల్పు పెరుగుతుంది. బరువు ఎక్కడ పడాలో అక్కడ పడుతుంది. ఆ ‘ఎక్కడ’ అన్నది నీ చేతిని బట్టీ నీ పనిని బట్టీ మారుతుంది. మంచి కమ్మరి ముందు ధర చెప్పడు, ఏం నరుకుతావని అడుగుతాడు. కొట్టించుకునేవాడికి ఆ ప్రశ్నకు సరైన జవాబు తెలిసుండాలి. చాలామంది ‘అన్నీ’ అంటారు. అన్నిటికీ అన్న కత్తి దేనికీ పూర్తిగా సరిపోదు.

యాంగాన్ చుట్టూ పచ్చివెదురు పని ఎక్కువ. వెదురు పైపొరలో ఇసుకలోని సిలికాయే ఉంటుంది, అది వాదరను అరగదీస్తుంది. గొట్టాన్ని ఏటవాలుగా కొట్టాలి, వాదర సన్నగా దిగాలి. తీగలకూ పొదలకూ అయితే కత్తి ఇంకా పలచగా, తేలిగ్గా, కాస్త పొడుగ్గా ఉండాలి. అక్కడ నరికేది చేతి వేగమే. ఎండిన కట్టెకు, కొబ్బరి డొక్కకు వాదర వెనక కొంచెం పొట్ట వదలాలి. అంటే సానపెట్టిన చదును నేరుగా అంచుకు దిగకుండా, చివర్లో గుండ్రంగా ముగియాలి. ఆ పొట్ట చీలికను పక్కలకు తోస్తుంది, కత్తి ఇరుక్కోదు. పచ్చివెదురు కత్తికి రెండువైపుల వాలూ కలిపి ఇరవై అయిదు డిగ్రీలు చాలు. గట్టి కట్టెకు ముప్పై దాటాలి. ఈ అయిదారు డిగ్రీల తేడా వల్లే ఒకడి కత్తి ఇంకొకడికి మొద్దుగా తోస్తుంది.

ఇనుము సంగతి. మన కమ్మరిలాగే బర్మా కమ్మరికీ ఇష్టమైనది పాత లారీ కమాన్ పట్టీ. అందులో సాధారణంగా 0.6 శాతం దాకా కర్బనం, కొంత మాంగనీసు, కొన్నిట్లో క్రోమియమో సిలికానో ఉంటాయి. దెబ్బ తింటూ వంగి లేవడానికే పుట్టిన ఉక్కు కాబట్టి నరుకుడు కత్తికి ఇంతకన్నా మంచిది వెతకనక్కర్లేదు. ఒకటే భయం. లక్షల కిలోమీటర్లు తిరిగిన పట్టీలో కంటికి కనపడని చీలికలు ఉండొచ్చు. అందుకే తెలిసిన కమ్మరి బోల్టు రంధ్రం దగ్గర ముక్క కోసి పారేస్తాడు, మిగతా పట్టీని సుత్తితో తట్టి మోత వింటాడు. ఖంగుమనాలి, బొంగురుగా పలకకూడదు.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం గుర్తుచేసుకోకుండా ఉండలేను. అక్కడి మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి మకాం వేసేవారు. 1820లలో ఆ పని కళ్ళారా చూసిన సర్వే శాఖ భూగర్భవేత్త హెన్రీ వాయ్సీ రాసిపెట్టిన వివరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. డమాస్కస్ పేరుతో లోకమంతా మెచ్చిన ఖడ్గాల్లోని ఉక్కులో కొంత ఇలాంటి తెలుగు ఊళ్ళది. ఆ కొలుములు ఆరిపోయాయి. బర్మాలో ఇనుప పని మాత్రం పది సంప్రదాయ కళల్లో ఒకటిగా, ‘పన్‌బే’ పేరుతో, చిత్రలేఖనంతో, శిల్పంతో సమానంగా లెక్కకు వస్తుంది. కమ్మరిని కళాకారుల వరసలో కూర్చోబెట్టడం నాకు చాలా సరైన పనిగా అనిపిస్తుంది.

షాన్ రాష్ట్రంలో ఇన్లే సరస్సు మీద కమ్మరి ఇళ్ళు నీళ్ళలో నాటిన స్తంభాల మీద నిలబడి ఉంటాయి, కొలిమి కూడా అక్కడే. తిత్తి మన తోలుతిత్తి కాదు. నిలువుగా నిలబెట్టిన రెండు గొట్టాలు. పైన పీట మీద కూర్చున్న మనిషి రెండు చేతుల్తో రెండు కాడల్ని ఒకటి పైకి, ఒకటి కిందకి మార్చి మార్చి లాగుతుంటాడు. గొట్టంలో కదిలే బిళ్ళ చుట్టూ ఈకలు కట్టి గాలి తప్పించుకోకుండా చేస్తారు. గాలికి ఎక్కడా తెగింపు ఉండదు, బొగ్గులు ఒకే వెలుగుతో మండుతాయి. పట్టీ నారింజరంగుకు రాగానే పెద్దకమ్మరి పట్టకారుతో దాగలి మీదకు తెస్తాడు. ముగ్గురు సమ్మెటలెత్తి వరసగా దింపుతారు. ఒకరి దెబ్బ లేచేలోగా ఇంకొకరిది పడుతుంది. పెద్దాయన మాట్లాడడు. పట్టకారు తిప్పుడులోనే ఎటు సాగాలో చెబుతాడు. ఎరుపు ముదిరి నల్లబడబోతుంటే ఇక కొట్టరు, మళ్ళీ కొలిమిలోకే. చల్లబడ్డ ఉక్కును కొడితే లోపల పగులుతుంది.

కత్తి విలువ అసలు తేలేది ఆ తర్వాత, నీటి పని దగ్గర. పలకను మళ్ళీ కాల్చి, అయస్కాంతం అంటుకోని వేడికి, అంటే 770 డిగ్రీలు దాటి కొంచెం పైకి తెచ్చి ముంచుతారు. కమ్మరి దగ్గర ఉష్ణమాపకం ఉండదు. రంగే కొలత. అందుకే కొలిమి కొట్టం చీకటిగా ఉంటుంది, ఎండలో ఎరుపు తప్పుగా కనపడుతుంది. కమాన్ ఉక్కును చన్నీళ్ళలో ముంచితే పగిలే ప్రమాదముంది. నూనెలో ముంచడమే క్షేమం. కత్తినంతా కాకుండా వాదర వైపే రెండు మూడు వేళ్ళ లోతున ముంచితే అంచు గట్టిపడి వెన్ను మెత్తగా, సాగేదిగా ఉండిపోతుంది. అంతటితో వదిలేస్తే వాదర గాజులా పెళుసు. కాబట్టి ఓ చోట రుద్ది మెరిపించి, వెన్ను వైపు నుంచి సన్నసెగ చూపిస్తారు. మెరిసిన చోట రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత గోధుమరంగు, తర్వాత ఊదా, నీలం. వాదర గోధుమరంగుకు వచ్చే సరికి వెన్ను నీలంలో ఉంటే నరుకుడు కత్తి కుదిరినట్టు. ఇదంతా అయ్యాక పైకి ఏమీ కనపడదు. మంచి కత్తీ చెడ్డ కత్తీ ఒకేలా మెరుస్తాయి. మనం డబ్బిచ్చేది కనపడని ఈ నాలుగు క్షణాలకు.

కాబట్టి తీసుకునేటప్పుడు పరీక్షించాలి, ఏ కమ్మరీ దానికి నొచ్చుకోడు. ఆకురాయిని వాదర మీద తేలిగ్గా తోస్తే పూర్తిగా కొరకకుండా, అలాగని గాజు మీద జారినట్టూ జారకుండా కొంచెంగా పట్టాలి. కత్తిని వేలి మీద నిలబెడితే తూకం పిడికి ముందు బెత్తెడు దూరంలో కుదరాలి. అంతకన్నా ముందుకు పోతే గంటసేపటికి మణికట్టు లాగుతుంది, వెనక్కి వస్తే దెబ్బకు బరువుండదు. తర్వాత ఎండిన వెదురు గణుపు మీద నాలుగు దెబ్బలు వేసి, వాదరను వెలుగుకు ఎదురుగా పట్టి చూడాలి. ఎక్కడైనా తెల్లటి చుక్క మెరిస్తే అక్కడ అంచు విరిగింది, లేదా మడతపడింది. విరిగితే కత్తి ఇంకా పెళుసుగా ఉంది, మరికాస్త సెగ చూపాలి. మడతపడితే నీటి పని మళ్ళీ మొదటినుంచి.

పిడి మాత్రం నీ సొంతం. దామకు పిడిలోకి దిగే తోక పొట్టిగా ఉంటుంది. కర్రకో, ముదురు వెదురు మొదలుకో బెజ్జం వేసి, కరిగించిన లక్క పోసి, వేడి తోకను దింపేస్తారు. చల్లారితే ఊడదు, మళ్ళీ సెగ తగిలిస్తే సులువుగా వస్తుంది. పిడి పగిలితే కత్తి పారేయనక్కర్లేదన్నమాట. పిడి మూతికి ఇనుప పొన్ను బిగించి ఉండాలి. లేకపోతే తోక కర్రను చీలుస్తుంది. లావు సంగతికి కొలత ఒకటే. గుప్పిట బిగిస్తే మధ్యవేలి కొన అరచేతిని తాకీ తాకనట్టుండాలి. చేతి తొడుగులతో పనిచేసేవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి.

ఒరకు రెండు చెక్కలు లోపల తొలిచి, వెదురు పేడుతోనో బెత్తంతోనో చుట్లు వేసి కట్టించుకోవాలి. యాంగాన్‌లో ఏటా 2,700 మిల్లీమీటర్లకు దగ్గరగా వాన పడుతుంది, దాదాపు అంతా మే నుంచి అక్టోబరు లోపే. తోలు ఒర ఆ తడిని పీల్చుకుని కత్తికి తుప్పు పట్టిస్తుంది. చెక్క ఒర అడుగున సన్న బెజ్జం ఉంచమని అడగండి, నీరు కారిపోతుంది. పని అయ్యాక తుడిచి కొబ్బరినూనె పూస్తే చాలు. విమానంలో తెచ్చుకునేవాళ్ళు చేతి సంచిలో పెట్టకూడదు, లోపలికి పంపే సామానులో గట్టిగా చుట్టి పెట్టాలి.

మొదటి వానాకాలం గడిచాక కత్తిని అదే కమ్మరికి తీసుకెళ్ళి చూపించాలి. అప్పటికి వాదర ఎక్కడెక్కడ అరిగిందో, ఎక్కడ లొట్టపడిందో చూస్తే నువ్వు నిజంగా నరికేది ఏమిటో, కత్తిలో ఏ చోటుతో కొడతావో అతనికి తెలిసిపోతుంది. నువ్వు కొలిమి దగ్గర చెప్పిన జవాబు కాస్త తప్పయినా అప్పుడు సర్దుకుంటుంది. వాలు మార్చి సాన పడతాడు, అవసరమైతే కొస దగ్గర వేలెడు కోసి బరువు తగ్గిస్తాడు, పిడి తిప్పి బిగిస్తాడు.