ముద్దయీ, ముద్దాయి

ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. నాకు అన్యాయం జరిగింది, విచారించండి అని కోర్టు మెట్లెక్కినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు, బోనులో నిలబడ్డవాడు. మాట ఒక్కటే. ఉర్దూ గడప దాటి తెలుగింట్లో అడుగుపెట్టేసరికి ఫిర్యాదు చేసినవాడు కాస్తా నేరస్తుడి చోటికి చేరాడు.

పత్రికలో చేరిన కొత్తలో ఈ మాట దగ్గరే బోల్తాపడ్డాను. ఒక భూమి తగాదా వార్తలో దావా వేసిన రైతును ముద్దాయి అని రాసేశాను. ఇంట్లో అబ్బా నోట విన్న అర్థమే తలలో ఉంది. డెస్కులో పెద్దాయన కాగితం అందరికీ చూపించి, "మీవాళ్ల మాటే గదయ్యా, నీకే తెలియకపోతే ఎలా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటకు పట్టిన గతే మాకూ పట్టిందేమోనని తర్వాత చాలాసార్లు అనిపించింది.

2022 నుంచి 2025 దాకా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల్లో మా బతుకుతో ముడిపడినవి కొన్నింటిని వరసపెట్టి చదివాను. భాష, కవిత, ఇల్లు, మనోవర్తి, చదువు, వక్ఫ్. చట్టాలు వేరు, జడ్జీలు వేరు. పత్రికలు వీటిని గెలుపులు, ఓటములు అని రెండు కుప్పలు పోశాయి. నాకు మాత్రం చదువుతున్నంతసేపూ ఒకే ప్రశ్న. ఈ తీర్పులో నేనెవరిని?

మొదట భాష సంగతి. మహారాష్ట్రలో అకోలా జిల్లా పాతూరు చిన్న పట్టణం. మునిసిపల్ ఆఫీసు బోర్డు మీద మరాఠీ కింద ఉర్దూలోనూ పేరు ఉంది. అక్కడ 1956 నుంచీ ఉర్దూ వాడుకలో ఉంది. ఆ అక్షరాలు చెరిపేయాలని ఒక మాజీ కౌన్సిలర్ పట్టుబట్టారు. మునిసిపాలిటీ ఒప్పుకోలేదు. కలెక్టర్ దగ్గరికి, అక్కణ్ణుంచి కమిషనర్ దగ్గరికి, హైకోర్టుకు, చివరికి సుప్రీంకోర్టుకు నడిచింది వ్యవహారం. 2025 ఏప్రిల్ 15న జస్టిస్ సుధాంశు ధూలియా, జస్టిస్ వినోద్ చంద్రన్ ఆ అప్పీలును కొట్టేశారు. స్థానిక సంస్థల అధికార భాషల గురించి మహారాష్ట్ర 2022లో చేసిన చట్టం మరాఠీ ఉండాలంటుందే తప్ప మరో భాష ఉండకూడదని అనదన్నారు. చట్టం వరకు అంతే సంగతి. కానీ తీర్పు అక్కడ ఆగలేదు. భాష మతం కాదని, ఉర్దూ ఈ నేల మీదే పుట్టిందని, అదాలత్, హలఫ్‌నామా, పేషీ, వకాలత్‌నామా అంటూ కోర్టులు ఇవాళ్టికీ ఆ మాటలతోనే నడుస్తున్నాయని గుర్తుచేసింది.

చదువుతుంటే నా కళ్లు చెమర్చాయి, దాచుకోవడం దేనికి? మన తెలుగు రైతు మాత్రం? తహశీల్దారుకు దరఖాస్తు పెట్టుకుని, పహాణీ నకలు తీసుకుని, వకీలును పెట్టుకుని, వాయిదాలకు హాజరై, విసిగిపోయి రాజీ పడి ఇంటికొచ్చేదాకా ఉర్దూ దారిన వచ్చిన మాటలతోనే కదా వ్యవహారం నడుపుతున్నాడు! ఆయనకు ఉర్దూ రాదని ఎవరనగలరు?

అయినా తీర్పు మూసేశాక ఒక ముల్లు మిగిలింది. ఉర్దూ ముస్లింలది మాత్రమే కాదు, అందరిదీ అన్నారు. నిజమే. తీర్పు వెలువడ్డాక వినిపించిన మెప్పు అంతా ఆ ముక్క చుట్టూనే తిరిగింది. ఒకవేళ అది మా ఒక్కరిదే అయితే? మా అమ్మీ వంటింట్లో మాట్లాడే భాష మాత్రమే అయితే ఆ బోర్డు మీద దానికి చోటు ఉండేది కాదా? కొద్దిమందిదే అయిన భాషనూ లిపినీ కాపాడుకునే హక్కు రాజ్యాంగం 29వ అధికరణంలో ఉంది. అందరిదీ అని రుజువు చేసుకుంటేనే బతకనిస్తామనడం హక్కు కాదు, దయ. కోర్టు అలా అనలేదు. మెచ్చుకున్నవాళ్లు చాలామంది అలా అర్థం చేసుకున్నారు, అదే నా బాధ.

భాష మతం కాదన్న మాటకు రెండో వైపూ ఉంది. కోస్తాలోనూ సీమలోనూ తెలుగు తప్ప మరో భాష ఎరగని ముస్లింలు ఎంతమంది లేరు! వాళ్లు నోరు విప్పగానే "మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?" అని అడిగేవాళ్లు మునిసిపల్ బోర్డు మీద ఉర్దూ చూసి ఉలిక్కిపడేవాళ్ల అన్నదమ్ములే. అడిగేది నవ్వుతూనే అడుగుతారు. కానీ తెలుగు ఇల్లు తమదని, మేం చుట్టపుచూపుగా వచ్చామని అందులో ఉంది.

ఈ వార్త చదివి వినిపిస్తే అమ్మీ అంది: "బోర్డు పఢ్‌నేవాలే కిత్తే హై బేటా?" చదివేవాళ్లు ఎంతమంది ఉన్నారని. నా దగ్గర జవాబు లేదు. నా పిల్లలకే అలీఫ్, బే రావు. దీనికి ఏ కోర్టూ బాధ్యురాలు కాదు.

ఇక కవిత. రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ జామ్‌నగర్‌లో సామూహిక వివాహాల సభకు వెళ్లొచ్చి, ఆ దృశ్యాలకు ఒక ఉర్దూ కవిత జోడించి పెట్టారు. 2025 జనవరి 3న గుజరాత్ పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టారు. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టారన్నది నేరం. హైకోర్టు ఆ కేసు కొట్టేయనంది. మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. జస్టిస్ ఓకా, జస్టిస్ భూయాన్ చేసిన పని చాలా చిన్నది, చాలా గొప్పది. ఆ కవిత చదివారు. అర్థం ఏమిటో చూశారు. అన్యాయాన్ని ప్రేమతో ఎదుర్కొంటామన్న కవితలో ద్వేషం ఎక్కడుందని అడిగారు. గణతంత్రానికి 75 ఏళ్లు వచ్చాక ఒక కవితకు, ఒక హాస్య ప్రదర్శనకు అదిరిపోయేంత బలహీనంగా ఉన్నామా అన్నారు. తమకు నచ్చని మాటనైనా కాపాడడం జడ్జీల విధి అన్నారు.

పోలీస్ స్టేషన్‌లో ఆ కవితను చదివి అర్థం చేసుకునే ఓపిక ఉంటే ఇది ఢిల్లీ దాకా ఎందుకు పోతుంది? నెత్తురు అన్న మాట ఉర్దూలో వినిపిస్తే కత్తి కనపడుతుంది. అదే మాట తెలుగు విప్లవ గేయంలో వస్తే... అక్కడా కేసులు పెట్టారులెండి, ఆ సంగతి మన కవులకు తెలుసు. తేడా ఒక్కటే. తెలుగు కవిని అనుమానించాలంటే ముందు కవిత వినాలి. మమ్మల్ని అనుమానించడానికి భాష వినపడితే చాలు.

మూడోది ఇల్లు. ఇంట్లో ఒకడి మీద కేసు పడుతుంది. తెల్లారేసరికి బుల్డోజర్ వస్తుంది. అక్రమ కట్టడం అంటారు. నిన్నటిదాకా పన్ను కట్టించుకున్న ఇల్లే ఇవాళ అక్రమం. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీ జహంగీర్‌పురి కూల్చివేతల నాడు కోర్టు తలుపు తట్టిన జమియత్ ఉలమాకు, మిగతావాళ్లకు పూర్తి జవాబు 2024 నవంబర్ 13న వచ్చింది. జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్ ఇల్లు అనే కల గురించి ఒక హిందీ కవి మాటలతో తీర్పు మొదలుపెట్టారు. నేరం తేల్చాల్సింది కోర్టు, అధికారి కాదన్నారు. ఒకడు నిందితుడైతే ఇంటిల్లిపాదినీ వీధిన పడేయడం సామూహిక శిక్ష అన్నారు. 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వాలి, ఉత్తర్వు తర్వాత మరో 15 రోజులు ఆగాలి, కూల్చివేతను వీడియో తీయాలి, తప్పు చేసిన అధికారి సొంత డబ్బుతో నష్టం కట్టాలి. అలాంటి ఇళ్లే పక్కన ఉండగా ఒక్క ఇంటినే హఠాత్తుగా ఎంచుకుంటే అసలు ఉద్దేశం శిక్షించడమేనని అనుకోవచ్చని కూడా చెప్పారు. రోడ్లు, రైలు పట్టాలు, చెరువుల మీది ఆక్రమణలకు ఈ రక్షణ వర్తించదని మినహాయించారు. పేదవాడి గుడిసె ఉండేది ఎక్కువగా అక్కడే కదా!

మంచి తీర్పు. కాదనను. కానీ ప్రయాగ్‌రాజ్‌లో 2021 మార్చిలో రాత్రి నోటీసు అంటించి మర్నాడు కూల్చిన ఇళ్లకు ఒక్కొక్కరికి 10 లక్షలు ఇమ్మని కోర్టు చెప్పేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది. నాలుగేళ్లు! ఆ నాలుగేళ్లూ ఎవరి పంచన ఉన్నారో వాళ్లకే తెలుసు.

ఈ మూడు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఉర్దూను కాపాడింది అందరి భాష కాబట్టి. కవిని కాపాడింది పౌరుడి వాక్‌స్వాతంత్ర్యం. ఇంటిని కాపాడింది ప్రతి మనిషికీ ఉన్న నీడ హక్కు. మాకు వచ్చిన ప్రతి ఊరటా పౌరుల పేరు మీదే వచ్చింది. అందులో తప్పేముంది, అదే కదా సెక్యులరిజం అంటారు నా మిత్రులు. తప్పు లేదు. కానీ దెబ్బ తగిలేది ముస్లిం అయినందుకు, మందు దొరికేది పౌరుడి పేరిట. గాయం మానవచ్చు. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అన్నది మాత్రం ఏ కాగితం మీదా నమోదు కాదు.

మరి ముస్లింగానే వెళ్లి అడిగితే?

2022 అక్టోబర్ 13న హిజాబ్ కేసు. కర్ణాటకలో తరగతి గది బయట నిలబెట్టిన ఆడపిల్లలు అడిగారు. ఇద్దరు జడ్జీలు రెండు దారులయ్యారు. జస్టిస్ హేమంత్ గుప్తా పిల్లల అప్పీళ్లు కొట్టేశారు. జస్టిస్ ధూలియా, పాతూరు ఉర్దూ బోర్డును నిలబెట్టిన ఆయనే, అది ఆ పిల్ల ఇష్టానికి సంబంధించిందని, తన మనసులో అన్నిటికన్నా ముందున్నది ఆడపిల్ల చదువేనని రాశారు. తగిన బెంచి ఏర్పాటు కోసం వ్యవహారాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందు పెట్టమన్నారు. పరీక్షలు బెంచి కోసం ఆగవు.

2024 నవంబర్ 8న అలీగఢ్ యూనివర్సిటీ కేసు. ఏడుగురు జడ్జీల్లో నలుగురు 1967 నాటి అజీజ్ బాషా తీర్పు తప్పన్నారు. పార్లమెంటు చట్టంతో ఏర్పడినంత మాత్రాన మైనారిటీ సంస్థ కాకుండా పోదన్నారు. అయితే అలీగఢ్ మైనారిటీ సంస్థేనా? అది తేల్చే పని వేరే బెంచికి వదిలారు. 57 ఏళ్ల తర్వాత మాకు దొరికింది తప్పు దిద్దిన కొలబద్ద. కొలత రేపటికి.

2025 సెప్టెంబర్ 15న వక్ఫ్ సవరణ చట్టం మీద మధ్యంతర ఉత్తర్వు. ఐదేళ్లుగా ఇస్లాం పాటిస్తున్నవాడే వక్ఫ్ చేయాలన్న నిబంధనను, నియమాలు తయారయ్యేదాకా నిలిపేశారు. ఆస్తి హక్కును కలెక్టర్ చేత తేల్పించే భాగాన్నీ నిలిపేశారు. వాడుక వల్ల వక్ఫ్ అన్న పద్ధతిని ఇకపై తీసేయడాన్ని ఆపలేదు. ఆ ఐదేళ్ల నిబంధన చదువుతుంటే మా ఊరి దూదేకుల తాత గుర్తొచ్చాడు. పీర్ల పండక్కి సవారి ఎత్తేవాడు, ఉగాదికి పచ్చడి తినేవాడు, రంజాన్‌కు ఒంటిపొద్దులు ఉండేవాడు. ఆయన ఐదేళ్ల ముస్లింతనాన్ని ఏ రిజిస్టరులో రాస్తారు? మా మసీదు పెద్దలే ఆయన్ను పూర్తి ముస్లిం అనేవాళ్లు కాదు. అంటే సర్టిఫికెట్ అడిగే అలవాటు సర్కారుకొక్కదానికే ఉందనుకోవడం అబద్ధం.

ముస్లింలుగా వెళ్లి అడిగితే వచ్చిన జవాబులు ఇవి. చీలిక, వాయిదా, మధ్యంతరం. ఇక్కడితో ముగిస్తే నా వాదం చక్కగా కుదురుతుంది. కానీ దాన్ని అడ్డంగా కోసే తీర్పు ఒకటి ఉంది, అదీ మన తెలంగాణదే.

విడాకులిచ్చిన భార్యకు నెలకు 20 వేలు కట్టమంది ఫ్యామిలీ కోర్టు. హైకోర్టు 10 వేలకు తగ్గించింది. అదీ కట్టనంటూ భర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1986 చట్టం ఉండగా 125వ సెక్షన్ కింద ముస్లిం స్త్రీ మనోవర్తి అడగరాదన్నది అతని వాదం. 2024 జులై 10న జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ ఆ వాదాన్ని తోసిపుచ్చారు. ఆ సెక్షన్ మతంతో పనిలేకుండా అందరు స్త్రీలకూ వర్తిస్తుందన్నారు. ఇంటిపనికే బతుకంతా ధారపోసే భార్యకు ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు భర్తలు ఇవ్వాలని జస్టిస్ నాగరత్న రాశారు.

ఈ కేసులో నేనెవరిని? న్యాయం అడిగిన ముద్దయీ మా చెల్లెలు. బోనులో ఉన్నది మేము, మగవాళ్లం. 1985లో షాబానో గెలిస్తే మా పెద్దలు వీధుల్లోకి వచ్చారు. మతం ప్రమాదంలో పడిందన్నారు. ఆనాటి తీర్పులో ఉమ్మడి పౌరస్మృతి ప్రస్తావన మమ్మల్ని భయపెట్టిన మాట నిజం. ఆ భయం ఉత్తిది కాదు. కానీ దాని ఖర్చు మొత్తం నెలకు 179 రూపాయల 20 పైసలు దక్కిన ముసలామె మీద వేశాం. 2024లో ఎవరూ వీధుల్లోకి పెద్దగా రాలేదు. సిగ్గుపడ్డామో, భయపడ్డామో, నిజంగానే మారామో నేను చెప్పలేను.

అప్పుడు నాకు తోచింది ఇది. పౌరుల పేరిట వచ్చే న్యాయం నాకు చాలీచాలనిదిగా కనిపించింది. ఆ చెల్లెలికి మాత్రం అదే దిక్కయింది. ముస్లిం అన్న పేరును తన ఇంట్లోనే ఆమెకు అడ్డుగోడ చేశాం గనుక. మా అస్తిత్వాన్ని కోర్టు గుర్తించాలని అడిగే ముందు, ఆ అస్తిత్వంలో ఆమెకూ దూదేకుల తాతకూ ఎంత చోటిచ్చామో చూసుకోవాలి. ఈ పని బుల్డోజర్ ఆగాకే చేద్దామంటే కుదరదు, ఆగేదాకా ఆమె కూడు ఆగదు.

అలాగని కోర్టును అడగడం మానను. నా పేరుతో, నా భాషతో, నా గాయం ఎందుకు తగిలిందో చెప్పుకుంటూ ముద్దయీగానే ఆ మెట్లెక్కాలని ఉంది. ముద్దాయిగా కాదు.

ఈ వ్యాసం టైపు చేసిన కుర్రాడు ముద్దయీ అని రాసిన ప్రతిచోటా ముద్దాయి అని దిద్దిపెట్టాడు. పొరపాటు రాశానేమో అనుకున్నాడట. కూర్చుని ఒక్కొక్కటీ మళ్లీ మార్చుకున్నాను.